‘ఎందుకిలా చేశావ్?’ అని అడిగే ముందు: తమను తాము గాయపరచుకునే పిల్లల గురించి



గుణింతాలు ఎలా చెప్పాలి, హోంవర్కు ఎంత ఇవ్వాలి, వేరుశనగ పడని పిల్లలుంటే క్లాసులో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి లాంటివి ఈ చేతిపుస్తకంలో మీరు చదివే ఉంటారు. ఈ అధ్యాయం వాటికంటే కాస్త బరువైనది. చదవడానికి ఇబ్బందిగా ఉన్నా చివరిదాకా చదవండి. ఎందుకంటే ఇది మన బడిలో ఎప్పుడో జరగబోయే విషయం కాదు, ఇప్పటికే జరిగిన విషయం.

నా తప్పుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ క్రితం, వేసవి సెలవులకు ముందు, వార్షికోత్సవం నాటకానికి రిహార్సల్ చేయిస్తున్నాను. బయట ఎండ మండిపోతోంది. ఒక అమ్మాయి పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని వచ్చింది. “ఇంత ఎండలో స్వెటరేంటమ్మా, చూస్తుంటేనే నాకు చెమట పడుతోంది, తీసెయ్” అన్నాను అందరిముందూ నవ్వుతూ. పిల్లలూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మరుసటి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. నెల తర్వాత వాళ్ళమ్మగారు ఫోన్ చేసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. (ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

నేను కౌన్సెలింగులో మాస్టర్స్ చేశాను. చదువులో భాగంగా కొన్ని నెలలు ఒక ఆసుపత్రిలో, టీనేజి పిల్లల మానసిక వైద్య విభాగంలో ఇంటర్న్‌గా పనిచేశాను. అంత చదివి, అంత చూసి కూడా ఆరోజు కళ్ళముందున్నది చూడలేకపోయాను. అందుకే ఈ అధ్యాయం రాసే పని అడిగి మరీ తీసుకున్నాను. నేను వైద్యురాలిని కాను. ఇది చదివి మీరు ఎవరికీ చికిత్స చేయకూడదు. గమనించడం, వినడం, సరైన చేతుల్లో పెట్టడం, ఈ మూడే మన పని.

ముందుగా కొన్ని మాటలు సరిచూసుకుందాం

మనం మాట్లాడుకుంటున్నది, చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా కావాలని తన ఒంటిని తానే గాయపరచుకోవడం గురించి. దీన్ని క్లుప్తంగా ‘స్వీయగాయం’ అందాం. చెవులు కుట్టించుకోవడం, పచ్చబొట్టు, మొక్కు తీర్చుకోవడం లాంటి సమాజం ఒప్పుకున్న పనులు దీని కిందికి రావు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన రోగనిర్ధారణ గ్రంథం దీన్ని ‘ఇంకా అధ్యయనం చేయవలసిన స్థితి’గా విడిగా పేర్కొంది.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చేది కాదు. అనేక దేశాల సర్వేలను కలిపి 2014లో చేసిన ఒక విశ్లేషణ ప్రకారం, టీనేజి పిల్లల్లో దాదాపు 17 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేసినట్టు చెప్పారు. పెద్దల్లో అది 5 శాతం పైచిలుకు. అబ్బాయిలూ చేస్తారు. బాగా చదివేవాళ్ళు, స్పెల్లింగ్ బీలో మెడల్ తెచ్చేవాళ్ళు, అందరితో నవ్వుతూ మాట్లాడేవాళ్ళు కూడా చేస్తారు.

స్వీయగాయం, ఆత్మహత్యాప్రయత్నం రెండూ ఒకటి కావు. అలాగని వాటికి సంబంధం లేదనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు. స్వీయగాయం అలవాటున్న 89 మంది ఇన్‌పేషెంట్ టీనేజర్లను అడిగి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 70 శాతం మంది ఒక్కసారైనా ఆత్మహత్యాప్రయత్నం చేశామని చెప్పారు. వాళ్ళు ఆసుపత్రిలో చేరేంత ఇబ్బందిలో ఉన్న పిల్లలు కాబట్టి ఆ లెక్క అందరికీ వర్తించదు. కానీ ‘చచ్చిపోవాలని చేయలేదు కదా, పర్లేదులే’ అని వదిలేయకూడదని మాత్రం అది గట్టిగానే చెబుతోంది.

ఆ పిల్లలనే అడిగితే ఏం చెప్పారు?

కొడుకో కూతురో ఇలా చేశారని తెలిసిన క్షణంలో మన నోటివెంట వచ్చే మొదటి మాట “ఎందుకిలా చేశావ్?” ఆ గొంతులో ప్రశ్న కంటే నేరారోపణ ఎక్కువ వినిపిస్తుంది. పిల్లలు “తెలీదు” అంటారు. అబద్ధం చెబుతున్నారనుకుంటాం. చాలాసార్లు అది నిజమే, వాళ్ళకీ స్పష్టంగా తెలియదు.

పరిశోధకులు ఈ ప్రశ్నను కొంచెం తిప్పి అడిగారు. ‘ఎందుకు’ అనే బదులు ‘అది చేశాక ఏం మారింది?’ అని. మాథ్యూ నాక్, మిచెల్ ప్రిన్‌స్టీన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2004లో ప్రచురించిన అధ్యయనం ఇందులో ముఖ్యమైనది. మానసిక వైద్య విభాగంలో చేరిన 108 మంది టీనేజర్లకు రకరకాల కారణాల జాబితా ఇచ్చి, ఏది ఎంత తరచుగా తమకు వర్తిస్తుందో చెప్పమన్నారు. ఆ కారణాలన్నిటినీ రెండు ప్రశ్నలతో సర్దవచ్చని వాళ్ళు చూపించారు. మార్పు జరిగింది తన లోపలా, చుట్టూ ఉన్న మనుషుల్లోనా? ఏదైనా వచ్చిందా, ఉన్నదేదైనా పోయిందా? ఈ రెంటినీ కలిపితే నాలుగు గళ్ళు వస్తాయి. కింద ఇచ్చిన పిల్లలు కల్పితం, విషయం సులువుగా అర్థం కావాలని రాశాను.

మొదటి గడి: లోపలి బాధ కాసేపు ఆగడం. పదమూడేళ్ళ అమ్మాయి. స్నేహితురాళ్ళంతా కలిసి తనని గ్రూపులోంచి తీసేశారు. రాత్రి పదకొండింటికి గుండెల మీద బండరాయి పెట్టినట్టుంది. ఆ ఊపిరాడనితనం కాసేపు ఆగితే చాలనుకుంది. ఆ టీనేజర్లలో స్వీయగాయం చేసుకున్నవాళ్ళు ఎక్కువగా ఎంచుకున్న కారణం ఇలాంటిదే. సుమారు సగం మంది ‘చెడు భావాలను ఆపడానికి’ అని చెప్పారు.

రెండో గడి: లోపల ఏదో ఒకటి కలగడం. పదహారేళ్ళ అబ్బాయి. నెలల తరబడి ఏడుపు రాదు, నవ్వూ రాదు, మనసు మొద్దుబారిపోయింది. నొప్పి అయినా సరే, ఏదో ఒకటి తెలియాలి అనిపిస్తుంది. ‘నేను పనికిరానివాణ్ణి, నాకిలాగే కావాలి’ అని తనను తాను శిక్షించుకోవడాన్నీ ఈ గడిలోనే చేర్చారు. మార్కులు తగ్గితే మనం ఒక్కమాట అంటాం, మర్చిపోతాం. ఆ మాటను వెయ్యిసార్లు తనకు తాను చెప్పుకునే పిల్లలు ఉంటారు.

మూడో గడి: మనుషుల నుంచి ఏదైనా రావడం. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా “అన్నీ సర్దుకుంటాయిలే” అనే జవాబే వచ్చింది. మాటలతో చెప్పింది ఎవరికీ వినిపించలేదు. గాయం వినిపించింది.

నాలుగో గడి: మనుషుల వల్ల వచ్చే ఒత్తిడి పోవడం. స్కూల్లో రోజూ ఏడిపించేవాళ్ళున్నారు, లేదా ఇంట్లో రోజూ పోట్లాటలే. గాయం గురించి తెలిశాక పోట్లాట ఆగింది, స్కూలుకి వెళ్ళమనడం మానేశారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏ పిల్లా ఈ నాలుగు గళ్ళూ ముందు వేసుకుని లెక్క కట్టి చేయదు. ఒకసారి జరుగుతుంది, కాసేపు ఊరట దొరుకుతుంది, మెదడు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ ఊరట నిలవదు. వెనకే సిగ్గు, భయం, దాచుకునే అవస్థ వస్తాయి, అవి మళ్ళీ కొత్త బాధ అవుతాయి. అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినట్టు. అసలు తీరదు, వడ్డీ పెరుగుతుంది.

“అటెన్షన్ కోసం చేస్తోంది” అనే మాట గురించి

మనవాళ్ళలో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. ముందు లెక్క చూద్దాం. డేవిడ్ క్లాన్‌స్కీ 2007లో అప్పటిదాకా వచ్చిన 18 అధ్యయనాలను సమీక్షించి, అన్నిటికంటే బలమైన ఆధారం ఉన్నది ‘భరించలేని భావాన్ని అదుపు చేసుకోవడానికి’ అనే కారణానికేనని తేల్చారు. 2018లో మరెన్నో అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, లోపలి కారణాలు చెప్పినవాళ్ళు 66 నుంచి 81 శాతం దాకా ఉంటే, మనుషులకు సంబంధించిన కారణాలు చెప్పినవాళ్ళు 33 నుంచి 56 శాతం దాకా ఉన్నారు. ఒకే మనిషికి రెండు రకాలూ ఉండవచ్చు. అంటే మనుషులకు సంబంధించిన కారణాలు లేవని కాదు, అవి ఒక్కటే కారణం కావడం అరుదు.

ఇక మామూలు బుద్ధితో ఆలోచిద్దాం. అందరూ చూడాలని చేసే పిల్ల ఎండాకాలంలో స్వెటర్ ఎందుకు వేసుకుంటుంది? స్విమ్మింగ్ పూల్ పార్టీకి రానని ఎందుకు అంటుంది?

ఇంటర్న్‌గా ఉన్నప్పుడు చూసిన ఒక తల్లి నాకు ఇప్పటికీ గుర్తొస్తారు. మన తెలుగావిడే. విజిటింగ్ టైము మొదలవగానే డబ్బాలో పులిహోర పట్టుకుని వచ్చేవారు. ఒక సాయంత్రం కారిడార్లో నన్ను ఆపి, “నువ్వు తెలుగమ్మాయివి కదమ్మా, నిజం చెప్పు, నా మీద కోపంతో చేసిందా?” అని అడిగారు. ఆ పాప అంతకుముందే మా టీముతో అన్న మాట వేరు: “అమ్మకి చెప్తే ఏడుస్తుంది. అమ్మ ఏడిస్తే నేను చూడలేను. అందుకే చెప్పలేదు.” తల్లి దాన్ని కోపం అనుకుంది. కూతురు దాచింది ప్రేమతో. తర్వాత కౌన్సెలర్ ఇద్దరినీ కూర్చోబెట్టి, పాపచేతే ఆ మాట చెప్పించారు. ఆ గదిలో ఆ రోజు ఇద్దరూ ఏడ్చారు. ఆ పాప భయపడ్డట్టు ప్రపంచం ఏమీ మునిగిపోలేదు.

ఒకవేళ నిజంగా అటెన్షన్ కోసమే అనుకుందాం. ఒంటిని గాయపరచుకుంటే తప్ప తన బాధ ఎవరికీ పట్టదని ఒక పిల్ల అనుకుంటోందంటే, ఆ పిల్లకు అటెన్షన్ అవసరం కాదా? దాహం వేసినవాడు నీళ్ళు అడిగితే “నీళ్ళ కోసం నాటకం” అనం కదా.

నిపుణులు ఎలా అంచనా వేస్తారు?

డాక్టరు దగ్గరికో థెరపిస్టు దగ్గరికో వెళ్తే ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్ల చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. అక్కడ చేసే మొదటి పని, ఒక సంఘటనను తీసుకుని దాన్ని సినిమా రీలు తిప్పినట్టు నెమ్మదిగా వెనక్కి తిప్పి చూడడం. ఆరోజు పొద్దున్నించి ఏం జరిగింది? ఆ కోరిక ఎప్పుడు మొదలైంది? అప్పుడు ఒంట్లో ఎలా ఉంది, మనసులో ఏ మాట తిరుగుతోంది? చేశాక మొదటి నిమిషంలో ఏమనిపించింది, గంట తర్వాత ఏమనిపించింది? ఎవరికి తెలిసింది, వాళ్ళేం చేశారు? చేయాలనిపించినా చేయకుండా ఆగిన రోజులు ఉన్నాయా, అప్పుడు ఏది ఆపింది? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. చికిత్సకు దారి చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

కొందరు ప్రశ్నావళులు కూడా వాడతారు. నాక్, ప్రిన్‌స్టీన్ వాడిన దానిలో 22 కారణాలు ఉంటాయి. క్లాన్‌స్కీ, క్యాథరిన్ గ్లెన్ 2009లో ప్రచురించిన దానిలో 13 రకాల ప్రయోజనాలు ఉంటాయి. ఇవి మార్కులు వేసే పరీక్షలు కావు, మాట కదిలించే సాధనాలు. ఇంటర్నెట్‌లో ఇలాంటివి దొరికాయని ప్రింటు తీసి ఇంట్లో పిల్లలచేత నింపించకండి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో ఇంకో మాట స్పష్టంగా చెప్పింది: ఎవరు మళ్ళీ చేస్తారో, ఎవరు ఆత్మహత్యకు పాల్పడతారో ఊహించడానికి స్కోర్ల మీద ఆధారపడవద్దు, ఆ మనిషి అవసరాలను, పరిస్థితులను కూర్చుని పూర్తిగా తెలుసుకోండి అని.

నిపుణులు “చనిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగా అడుగుతారు. అది విని కంగారుపడకండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మన భయం. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్ళకు చెందిన 2,342 మంది విద్యార్థులతో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ప్రశ్న అడగడం వల్ల పిల్లల్లో బాధ గానీ ఆత్మహత్య ఆలోచనలు గానీ పెరగలేదని తేలింది. 12 ఏళ్ళు నిండిన పిల్లలందరినీ ఈ విషయంలో స్క్రీనింగ్ చేయాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సూచించింది. కాబట్టి వార్షిక చెకప్‌లో డాక్టరు పిల్లలతో విడిగా మాట్లాడతానంటే అభ్యంతరం చెప్పకుండా బయట కూర్చోండి.

మాటలు తక్కువగా ఉన్న పిల్లలు, ఆటిజం లేదా మేధోవైకల్యం ఉన్న పిల్లలు తల కొట్టుకోవడం, చెయ్యి కొరుక్కోవడం లాంటివి చేస్తే దాన్ని అర్థం చేసుకునే పద్ధతి వేరు. అక్కడ ముందుగా పంటినొప్పి, చెవిపోటు, కడుపునొప్పి లాంటివి ఏమైనా ఉన్నాయేమో డాక్టరు చూడాలి. ఆ తర్వాత అది ఏ సందర్భంలో పెరుగుతోంది, ఏ సందర్భంలో తగ్గుతోంది అని గమనిస్తారు. పేరు వేరైనా అడిగేది అదే ప్రశ్న: ఇది ఆ బిడ్డకు ఏం చేసిపెడుతోంది?

కారణం తెలుసుకోవడం ఎందుకింత ముఖ్యం? కారణాన్ని బట్టి సాయం మారుతుంది. భరించలేని ఉద్వేగానికి దాన్ని దాటే నైపుణ్యాలు నేర్పాలి. మొద్దుబారిన మనసు వెనక డిప్రెషన్ ఉందేమో చూడాలి. ఏడిపించేవాళ్ళ వల్ల అయితే స్కూల్లో ఆ పని ఆపించాలి. ఇవేవీ చేయకుండా అలవాటును మాత్రం ఆపమంటే, చేతికర్ర లాక్కుని నడవమన్నట్టే.

మన ఇళ్ళ సంగతి

‘కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది’ అని మనకో సామెత ఉంది. ఇంటిగుట్టు బయటపెడితే మనకే నష్టమని దాని భావం. ఈ ఒక్క విషయంలో ఆ సామెతను పక్కన పెట్టమని వేడుకుంటున్నాను. నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది, రేపు సంబంధాలు రావు, ఇండియాలో అమ్మమ్మ తట్టుకోలేదు, ఇన్సూరెన్సు రికార్డులో పడుతుంది... ఈ భయాలతో నెలలు గడిచిపోతాయి. ఆ నెలలన్నీ పిల్ల ఒంటరిగానే ఉంటుంది. నలుగురికీ చెప్పక్కర్లేదు. ఒక డాక్టరుకి, ఒక కౌన్సెలరుకి చెబితే చాలు.

రెండోది భాష. మన పిల్లలకు బడి ఇంగ్లీషులో, ఇల్లు తెలుగులో. ఆకలి, నిద్ర, హోంవర్కు గురించి తెలుగులో చెప్పగలరు. మనసు గురించి చెప్పాలంటే వాళ్ళకు తెలుగు చాలదు. వాళ్ళ ఇంగ్లీషు మాటలు మాట అర్థమైనా మన గుండెకు తగలవు. మధ్యలో “ఏమైంది?” “ఏం లేదు” అనే రెండు మాటలు మిగులుతాయి.

ఇక్కడ తెలుగు బడి చేయగలిగిన పని ఒకటుంది. దిగులు, బెంగ, గుబులు, చిరాకు, ఉక్రోషం, కుంగిపోవడం, వెలితి, మొద్దుబారడం, ఈ మాటలను పదజాలం పాఠంగా నేర్పండి. బెంగకు, దిగులుకు తేడా ఏమిటని అడగండి. అమ్మ ఊరెళ్తే వచ్చేది బెంగ. అవమానం, కోపం, ఏమీ చేయలేనితనం కలిసి గొంతులో అడ్డుపడితే అది ఉక్రోషం. “నీకెప్పుడైనా ఉక్రోషం వచ్చిందా?” అని మాత్రం క్లాసులో ఎవరినీ వేలెత్తి అడగొద్దు. కథలోని పాత్రల గురించి అడగండి. మాట తెలిసిన పిల్లకు, అవసరమైన రోజున అమ్మతో చెప్పుకునే దారి ఒకటి తెరిచి ఉంటుంది.

మీరు ఉపాధ్యాయులైతే

• గమనించండి. మళ్ళీ మళ్ళీ కనిపించే, సరైన కారణం చెప్పలేని గాయాలు, ఎండలోనూ ఒళ్ళంతా కప్పుకోవడం, ఉన్నట్టుండి అందరికీ దూరంగా ఉండడం. ఇవి అనుమానానికి ఆధారాలే, రుజువులు కావు. చలి అనిపించో, ఇష్టమయ్యో స్వెటర్ వేసుకునే పిల్లలూ ఉంటారు.

• నలుగురిలో అడగొద్దు, చెయ్యి చూపించమనొద్దు. నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఇంకో పెద్దవాళ్ళకు కనిపించేచోట, పిల్లలకు వినిపించనంత దూరంలో మాట్లాడండి.

• ఇలా మొదలుపెట్టవచ్చు: “నీ చేతిమీద గాయం చూశాను నాన్నా. నీకు మనసు బాగోలేదేమో అనిపించింది. నేను కోప్పడను. చెప్పాలనిపిస్తే వింటాను.” ఇంగ్లీషులో చెబితే వాళ్ళకు తేలికనిపిస్తే ఇంగ్లీషులోనే చెప్పనివ్వండి. ఆ పది నిమిషాలు తెలుగు కంటే పిల్ల ముఖ్యం.

• ‘ఎవరికీ చెప్పను’ అని ఒట్టు వేయొద్దు. “ఇది నీ క్షేమానికి సంబంధించిన విషయం, నా ఒక్కదాని దగ్గరే దాచలేను. ఎవరికి, ఎలా చెబుదామో ఇద్దరం కలిసి అనుకుందాం” అనండి.

• అదే రోజు బడి కోఆర్డినేటరుకు చెప్పండి. తల్లిదండ్రులకు ఇద్దరూ కలిసి చెప్పండి. ఇంట్లోనే హింస ఉందని పిల్ల చెబితే మాత్రం ముందు ఇంటికి ఫోన్ చేయకండి. మీ రాష్ట్ర బాలల రక్షణ విభాగానికి తెలియజేయాలి. ఆ ఫోన్ నంబరు, నియమాలు కోఆర్డినేటరు దగ్గర ఉండాలి.

• వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క కూడా రాయొద్దు, పేరు లేకుండా కూడా. మిగతా పిల్లలతో గాయాల వివరాలు చర్చించొద్దు. ఈ అలవాటు ఒకరిని చూసి ఒకరికి పాకే ప్రమాదం ఉంది.

మీరు తల్లో తండ్రో అయితే

మొదటి గంట చాలా ముఖ్యం. మీకు కోపం, భయం, ‘నా పెంపకంలోనే లోపముందా’ అనే బాధ అన్నీ ఒకేసారి వస్తాయి. రావడం సహజం. వాటిని పిల్ల ముందు కుమ్మరించకండి. ముందే గాయపడి ఉన్న పిల్లకు మన తిట్టు గోరుచుట్టు మీద రోకటిపోటే.

గాయానికి వైద్యం కావాలంటే అది ముందు చేయించండి, పెద్ద హడావుడి లేకుండా. తర్వాత పక్కన కూర్చోండి. “నువ్వింత బాధపడుతున్నావని నాకు తెలీలేదు. ఇప్పుడు తెలిసింది. ఇకమీదట నువ్వు ఒక్కదానివే పడక్కర్లేదు.” ఇంతకంటే ఎక్కువ ఆ రాత్రి చెప్పక్కర్లేదు. “నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయనను” అని ప్రమాణం చేయించకండి. అది తప్పితే చెప్పుకోవడానికి మొహం చెల్లక ఇంకా లోతుగా దాస్తారు. ఫోన్ లాక్కోవడం, గది తలుపు తీసేయడం లాంటి శిక్షలూ అంతే.

పీడియాట్రీషియన్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. స్కూలు కౌన్సెలరుతో మాట్లాడండి. ఇంట్లో మందులు, తుపాకీ ఉంటే అది, పిల్లల చేతికి అందకుండా తాళం వేయండి. ఇంకా ఏమేం జాగ్రత్త చేయాలో డాక్టరును అడగండి. “మావాళ్ళు కూడా చూసుకోవాలా?” అని నాన్నలు పక్కకు తప్పుకోవద్దు. ఇది అమ్మ ఒక్కతే మోసే బరువు కాదు.

ఇప్పుడే చనిపోవాలని ఉందని పిల్ల చెప్పినా, మీకు అలా అనిపించినా, ఒంటరిగా వదలకండి. అమెరికాలో 988కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 911. ఇండియాలో మీ అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలకు అవసరమైతే, 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

దారి ఉంది

మార్షా లినెహాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త డి.బి.టి. అనే చికిత్సాపద్ధతిని రూపొందించారు. భరించలేని ఉద్వేగాన్ని దాటడం, మనుషులతో తన అవసరం చెప్పుకోవడం లాంటి నైపుణ్యాలను అది ఒక్కొక్కటిగా నేర్పుతుంది. టీనేజర్ల కోసం మలచిన ఈ పద్ధతిని 173 మంది పిల్లల మీద పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. పోల్చి చూసిన మరో చికిత్స కంటే, చికిత్స ముగిసేనాటికి దీనితో స్వీయగాయం ఎక్కువగా తగ్గింది. ఇంకో సంగతి. తాను కూడా పదిహేడేళ్ళ వయసులో ఇదే సమస్యతో మానసిక వైద్యశాలలో పేషెంటుగా ఉన్నానని లినెహాన్ 2011లో బహిరంగంగా చెప్పారు. ఆ ఆసుపత్రిలో ఉన్న పిల్లే పెరిగి పెద్దయి, తనలాంటి పిల్లలకు దారి వేశారు.

నేను స్వెటర్ తీసెయ్యమన్న అమ్మాయి చికిత్స తీసుకుంది. వచ్చే ఏడాది మళ్ళీ బడికి వచ్చింది. మొదటిరోజు క్లాసయ్యాక ఆగి నేను క్షమాపణ చెప్పాను. “ఇట్స్ ఓకే ఆంటీ” అంది. కాసేపాగి, “మీకు తెలీదు కదా” అంది.

నిజమే, నాకు తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.